కారు ఆపిన తిప్పేస్వామి

గుత్తిలో నారాయణప్ప అనే ఆయనకు శెనక్కాయ నూనె మిల్లు ఉండేది. మిల్లుతో పాటు ఒక నల్లటి పాత డాడ్జి కారు కూడా ఉండేది. ఆ కారును పదేండ్లు తోలినవాడు తిప్పేస్వామి.

తిప్పేస్వామిది బెళుగుప్ప పక్కన ఒక పల్లె. నాయనకు నాలుగెకరాల ఎర్రనేల. వానొస్తే కొర్రలు, రాకపోతే వలస. యుద్ధం రోజుల్లో బళ్లారిలో పట్టాళానికి మనుషుల్ని తీసుకుంటున్నారని విని, ఇంట్లో చెప్పకుండా నడిచిపోయి చేరినాడు. అక్కడే లారీ నేర్చుకున్నాడు. రెండేండ్లు అస్సాం కొండల్లో రేషను మూటలు మోసే లారీ తోలి, నలభై ఆరులో తిరిగొచ్చినాడు. ఆ మరుసటి ఏడే నారాయణప్ప దగ్గర పనికి కుదిరినాడు. మనిషి ఎక్కువ మాట్లాడడు. పొద్దున్నే బానెట్టు ఎత్తి చూసుకోవడం, బ్రేకులు ఒకసారి నొక్కి చూసుకోవడం, అవి అయినాకనే టీ నీళ్లు.

అస్సాంలో జరిగిన ఒక సంగతి మాత్రం పెండ్లాం చిన్నక్కకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నలభై లారీలు వరసగా పోతుంటే, వానలో ఒక మలుపు దగ్గర, రోడ్డు పక్కన మూట మోసుకుని నడుస్తున్న కూలీ ఒకడు ఇతని లారీ అంచు తగిలి పడిపోయినాడు. వరసలో ఏ లారీ ఆగకూడదని ఆర్డరు. తిప్పేస్వామి ఆపలేదు. అద్దంలో వెనక లారీ ముక్కు, వాన తప్ప ఏమీ కనబడలేదు. ఆ మనిషి బతికినాడో లేదో కనుక్కునే దారి తర్వాత దొరకలేదు. "ఆర్డరు అని నాకు నేను చెప్పుకుంటా. కడుపులో మాత్రం అది దిగదు," అన్నాడు చిన్నక్కతో.

యాభై ఏడు ఎండాకాలం. రెండేండ్లుగా సరైన వాన లేదు. పామిడికీ గార్లదిన్నెకూ నడుమ సర్కారు కరువు పని పెట్టింది. యాభై మంది దాకా ఆడవాళ్లూ మగవాళ్లూ రోడ్డు పక్కన కూచుని రాళ్లు కొట్టి కంకర చేసేవాళ్లు, గంపలకెత్తి రోడ్డుకు అటూ ఇటూ కుప్పలు పోసేవాళ్లు. రోడ్డంటే నడుమ ఒక బండి పట్టేంత తారు, రెండు పక్కలా మట్టి.

ఆ రోజు నారాయణప్పకు పదకొండుకల్లా అనంతపురంలో రిజిస్ట్రారు ఆఫీసులో ఉండాల్సిన పని. ఇంటి దగ్గరే ఆలస్యమైంది. వెనక సీట్లో కూచుని తమ్ముడితో వచ్చిన తగాదా చెప్పుకుంటా వస్తున్నాడు. తిప్పేస్వామి ఊకొడుతున్నాడు. కొంతసేపటికి ఊకొట్టడం కూడా మానేసినాడు.

"ఏమప్పా, వింటాండావా లేదా?" అన్నాడు నారాయణప్ప.

"వింటాండా సామీ," అని తిప్పేస్వామి తల వెనక్కి తిప్పి చెప్పినాడు. తిరిగి ముందుకు చూసేసరికి రోడ్డు నడుమ ఒక ఆడమనిషి, తల మీద కంకర గంప.

బ్రేకు గట్టిగానే పట్టింది. కారు రోడ్డు కుడివైపుకు ఈడ్చుకుపోయింది. ఎడమ మడ్‌గార్డు ఆమె తొడకు తగిలింది. గంప బానెట్టు మీద పడి కంకర అంతా చెదిరింది. ఆమె మట్టి మీద పడి కదల్లేదు. సుత్తెల చప్పుడు ఆగిపోయింది.

"పోనీ, పోనీ," అన్నాడు నారాయణప్ప. "ఆపొద్దు. అందరి చేతుల్లో సుత్తెలుండాయి. ఈడ్నే సంపుతారు మనల్ని. ముందర ఊర్లోకి పోయి మాట్లాడుకుందాం."

తిప్పేస్వామి ఇంజను ఆపి తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"నేను పోను సామీ. మీరు అద్దాలు ఎక్కించుకోని లోపల్నే ఉండండి."

దిగినాడు. రెండు చేతులూ అందరికీ కనబడేటట్టు పెట్టుకుని, పరుగెత్తకుండా, నేరుగా ఆమె దగ్గరికి పోయినాడు. ఊపిరి ఉంది. నెత్తి చిట్లి నెత్తురు కారుతోంది. ఎడమ తొడ అడ్డంగా వంగి ఉంది. అప్పటికే ఎవరో చెంబుతో నీళ్లు తెచ్చి నోట్లో పోయబోతున్నారు.

"పోయొద్దండి. తెలివి లేనోళ్లకి నీళ్లు పోస్తే ఊపిరికి అడ్డం పడతాయి," అని చెంబు పక్కకు తోసినాడు. తన తువ్వాలు మడిచి గాయం మీద అదిమి, పక్కనున్న ముసలామె చేతిని దాని మీద పెట్టినాడు. "గట్టిగా పట్టుకో అమ్మా. తీసి తీసి చూడొద్దు."

అప్పుడే ఆమె తమ్ముడు పుల్లన్న వచ్చినాడు. దూరంగా కుప్ప దగ్గర ఉన్నవాడు, "అక్కా" అని అరుస్తా సుత్తె పట్టుకునే పరుగెత్తుకొచ్చినాడు. వచ్చీ రాగానే తిప్పేస్వామి చొక్కా పట్టుకుని ముఖం మీద గుద్దినాడు. పెదవి పగిలింది. తిప్పేస్వామి చెయ్యెత్తలేదు.

"ఇంకా కొట్టాలంటే ఆసుపత్రి కాడ కొట్టన్నా. ఇప్పుడు మీయక్క కాలు పట్టుకో. కదలకుండా పట్టుకోవల్ల," అన్నాడు.

ఆ మాటకో, అక్కను అట్లా చూసినందుకో, పుల్లన్న సుత్తె పారేసి కూలబడినాడు. గాయపడినామె పేరు మారెక్క అని అప్పుడు తెలిసింది. మొగుడు లేడు, తమ్ముడి ఇంట్లోనే ఉంటుంది.

తిప్పేస్వామి రెండు పార కట్టెలు ఊడదీయించి కాలికి రెండు పక్కలా పెట్టి, తలగుడ్డలు చింపి, విరిగిన చోటు వదిలేసి పైనా కిందా కట్టినాడు. నలుగురు కలిసి చేతులూ కాళ్లూ పట్టుకుని ఎత్తబోతే ఆపినాడు. ఒక గొర్రెల కాపరి కంబళి అడిగి తీసుకుని, దాన్ని మెల్లగా ఆమె కిందికి జరిపించి, ఆరుమంది ఒక్కసారిగా ఎత్తేటట్టు చేసినాడు. ఇదంతా పట్టాళంలో నేర్పిన పనే. పదేండ్లుగా అవసరం పడలేదు, చేతులు మరిచిపోలేదు.

ఆమెను వెనక సీట్లో పడుకోబెట్టాలంటే నారాయణప్ప దిగాల్సి వచ్చింది. ఆయన దిగి, కారుకు ఆనుకుని నిలబడినాడు. పుల్లన్న ఎక్కే బండిలో తాను ఎక్కనని అక్కడే ఉండిపోయినాడు.

కారు కదిలించే ముందు తిప్పేస్వామి పని మేస్త్రీ ఆంజనేయులు దగ్గరికి పోయినాడు. మేస్త్రీ చేతిలో హాజరు కాయితాలు, పెన్సిలు ఉన్నాయి.

"అన్నా, ఒక సాయం చెయ్యాల నువ్వు. నాలుగు చక్రాల కాడ నాలుగు రాళ్లు పెట్టించు. మారెక్క పడిన చోట ఇంకొకటి. టైర్లు ఈడ్చిన నల్ల మరకలు ఉండాయి, వాటి మీద బండ్లు తొక్కకుండా చూడు. టైము తొమ్మిది నలభై. చూసినోళ్లు ఎవరెవరో పేర్లు రాసుకో."

"నీ మీద నువ్వే సాక్ష్యం రాయించుకుంటాండావా?" అన్నాడు ఆంజనేయులు.

"నేను అబద్ధం చెప్తే నీ కాయితం నన్ను పట్టిస్తాది. వేరేవాళ్లు చెప్తే వాళ్లను పట్టిస్తాది. రెండింటికీ పనికొస్తాది."

అనంతపురం దాకా బండిని గంటకు ఇరవై మైళ్లకు మించి పోనివ్వలేదు. పుల్లన్న వెనక కింద కూచుని అక్క తల పట్టుకున్నాడు. గార్లదిన్నె దాటినాక మారెక్క మూలగడం మొదలుపెట్టింది. అది మంచిదేనని తిప్పేస్వామి చెప్పినాడు. కొంతసేపటికి పుల్లన్న అడిగినాడు.

"నువ్వు చూసుకోలేదా?"

"లేదు. మా సావుకారు ఏదో అడిగితే తల తిప్పినా. అంతలోనే."

పుల్లన్న అక్క నెత్తి మీది తువ్వాలు అదిమి పట్టుకున్నాడు.

పెద్దాసుపత్రిలో డాక్టరుకు దెబ్బ ఎన్ని గంటలకు తగిలింది, ఎంతసేపు తెలివి లేకుండా ఉంది, కట్టు ఎప్పుడు కట్టింది, అన్నీ విడివిడిగా చెప్పినాడు. మారెక్కను లోపలికి తీసుకుపోయినాక, పుల్లన్నకు తన పేరు, గుత్తిలో ఇంటి గుర్తులు చెప్పి, బండి తిప్పుకుని ఆ దారికి చెందిన పోలీసు స్టేషనుకు పోయినాడు. ఇరవై నాలుగు గంటల్లోపు చెప్పాలని చట్టం. అతను మూడు గంటల్లో పోయి నిలబడినాడు.

ఇక్కడ నారాయణప్ప సంగతి చెప్పాలి. కూలీలు ఆయన్ను ఏమీ అనలేదు. ఒక వేపచెట్టు నీడ చూపించి, కుండలో నీళ్లు ముంచి ఇచ్చినారు. గంటన్నర కూచుని, వచ్చిన బస్సు ఎక్కి ఆయన కూడా స్టేషనుకే చేరినాడు. తిప్పేస్వామిని బయటికి పిలిచి చెప్పినాడు.

"చూడప్పా, బ్రేకు పట్టలేదని చెప్పు. యంత్రం కదా, ఎవరేం చేస్తారు? లేకపోతే ఆమె అడ్డం పరుగెత్తిందని చెప్పు. నీకు లైసెన్సు పోతే యాడ బతుకుతావు?"

"బ్రేకు పట్టింది సామీ. మరక రోడ్డు మీద ఉండాది. ఆమె పరుగెత్తలేదు, గంపతో పరుగెత్తేకి ఎట్లయితాది?"

"నేను నీ మంచికే చెప్తాండా."

"అది నాకు తెలుసు సామీ. మీరు ఇంకొక పని చెయ్యండి. ఇన్సూరెన్సు వాళ్లకు ఈ పొద్దే ఉత్తరం రాయండి. ఆలస్యం చేస్తే వాళ్లు ఒప్పుకోరు."

నారాయణప్ప విసుక్కున్నాడు గానీ, ఆ సాయంత్రమే ఉత్తరం రాయించినాడు. ఏడాది తర్వాత మారెక్కకు పరిహారం వచ్చింది ఆ ఉత్తరం వల్లనే.

ఎస్సై తిప్పేస్వామిని కూచోబెట్టి అడిగినాడు. "తప్పు నీదేనని రాసుకోమంటావా?"

"తప్పు ఎవరిదో కోర్టు చెప్తాది సార్. జరిగింది నేను చెప్తా. ముప్పై అయిదు మైళ్లలో వస్తాండా. కూలీలు ఉండారని తెలిసి కూడా తగ్గించలేదు. హారను కొట్టలేదు. మాట చెప్పేకి తల తిప్పినా. తిరిగి చూసేసరికి ఆమె తారు మీద ఉండాది. బ్రేకు కొట్టినా. అంతే."

ఎస్సై అంతా రాసుకున్నాడు. చదివి వినిపించమని తిప్పేస్వామి అడిగినాడు. "నలభై అయిదు" అని పడిన చోట "ముప్పై అయిదు" అని దిద్దించి, అప్పుడు సంతకం పెట్టినాడు.

మరుసటి రోజుకు ఊళ్లలో కథ మారిపోయింది. కారు అరవై మైళ్లలో వచ్చిందన్నారు. డ్రైవరు తాగి ఉన్నాడన్నారు. చూడనివాళ్లే ఎక్కువ చెప్పినారు. హెడ్డు కానిస్టేబులు టేపు పట్టుకుని వచ్చి, ఆంజనేయులు పెట్టించిన రాళ్ల నడుమ కొలిచినాడు. ఈడ్చిన మరక ఎంత పొడుగుందో, ఆమె ఎంత దూరంలో పడిందో కాయితం మీద పడింది. ఆ కొలతల ముందర అరవై మైళ్ల మాట నిలబడలేదు. చేసిన తప్పు ఎంతో అంతే రాతలో మిగిలింది.

కేసు అయిదు నెలలు నడిచింది. తీర్పు రోజుకు ముందు సాక్ష్యం చెప్పడానికి మారెక్క కర్ర పట్టుకుని వచ్చింది. కాలు అతికింది గానీ రెండంగుళాలు పొట్టిదైంది.

"బండి వస్తాండేది చూసినావా?" అని అడిగినాడు సర్కారు వకీలు.

"చూసినా. దూరంగా ఉండాది, దాటిపోతాలే అనుకున్నా. గంప బరువుకు అడుగు పడలేదు. ఆయప్ప మాత్రం హారను కొట్టలేదు. కొట్టింటే ఆగేదాన్ని."

ఎవరూ నేర్పని మాటలు. తిప్పేస్వామి తల వంచుకుని విన్నాడు. జరిమానాతో పాటు ఆరు నెలలు లైసెన్సు లేకుండా చేసినారు. జైలు తప్పింది. ఆగినందుకు, ఆసుపత్రికి తీసుకుపోయినందుకు, ఉన్నది చెప్పినందుకు తగ్గించినామని తీర్పులో రాసి ఉంది.

లైసెన్సు లేని డ్రైవరును నారాయణప్ప ఏం చేసుకుంటాడు? వేరే మనిషిని పెట్టుకున్నాడు. గుత్తిలో ఇంకో పని దొరకలేదు. ఆ ఏడూ వాన లేదు. బెళుగుప్ప పొలం బీడు పడి ఉంది. నెలరోజులు ఇంట్లో కూచున్నాక చిన్నక్క అడిగింది.

"కరువు పని ఇంకా నడస్తాండాది కదా. నేను పోతా."

"నువ్వెందుకు, నేనే పోతా," అన్నాడు. 

మారెక్కకు దెబ్బ తగిలిన చోటే ఆ పని. ఆ చుట్టుపక్కల ఉన్న పని అదొకటే.

ఆంజనేయులు మేస్త్రీ అతని పేరు హాజరులో రాసుకున్నాడు. తర్వాత ఒక సుత్తె ఇచ్చి, కుప్ప చూపించినాడు. మొదటి వారం ఎవరూ పలకరించలేదు. బువ్వ తినేటప్పుడు అందరూ ఒక చెట్టు కింద, ఇతను ఇంకో చెట్టు కింద. పుల్లన్న చూసీ చూడనట్టు పోయేవాడు. తిప్పేస్వామి చేతులు స్టీరింగుకు అలవాటు పడినవి. రెండో రోజుకే బొబ్బలు లేచినాయి. రాయి ఎట్లా తిప్పి కొట్టాలో తెలియక అందరికంటే చిన్న కుప్ప చేసేవాడు.

మారెక్క నడిచే పని చేయలేక కూచుని రాళ్లు కొడుతుండేది. ఎనిమిదో రోజు ఆమే అన్నది.

"ఏమప్పా, అట్ల కాదు. రాయికి గీత ఉంటాది. గీత మీద కొట్టాల. నువ్వు కొట్టేది చూస్తాంటే నాకు చెయ్యి నొస్తాది."

"నేర్పక్కా," అన్నాడు.

నేర్పింది. ఆ రోజు నుంచి బువ్వ ఒక చెట్టు కిందనే.

అక్కడ కూచుని చూస్తుంటే, రోడ్డు మీద పోయే ప్రతి బండీ అతనికి వేరేగా కనబడింది. పని జరుగుతోందని డ్రైవర్లకు కుప్పల దాకా వచ్చేంతవరకు తెలియదు. తారు సన్నం, ఎండకు ఎదురుగా రోడ్డు మెరుస్తుంది, మనిషి ఆనవాలు తెలియదు. ఒక పొద్దున చిన్నక్క పాత ఎర్రచీర చింపి రెండు కట్టెలకు కట్టుకొచ్చినాడు. పనికి అటు నూటయాభై గజాలు, ఇటు నూటయాభై గజాలు కొలిచి పాతినాడు. గంపలు దాటించేటప్పుడు ఒక మనిషి రోడ్డు మీద నిలబడి చెయ్యెత్తాలని ఆంజనేయులుకు చెప్పినాడు. దానికి ఒక మనిషి పని పోతుందని మేస్త్రీ గొణిగినాడు.

"కూచున్నోళ్లలో నేనే కదా తక్కువ కొడతాండేది. నన్నే నిలబెట్టు," అన్నాడు తిప్పేస్వామి. అందరూ నవ్వినారు. పుల్లన్న కూడా నవ్వినాడు.

బండ్లు వేగం తగ్గించడం మొదలైంది. కొందరు తిట్టుకుంటా తగ్గించేవాళ్లు. ఒకరోజు నారాయణప్ప కారు కూడా వచ్చి ఆగింది. కొత్త డ్రైవరు. నారాయణప్ప అద్దం దించి, "ఎట్లుండావప్పా?" అన్నాడు. "బాగుండా సామీ," అన్నాడు తిప్పేస్వామి. గంపలన్నీ దాటినాక చెయ్యి దించినాడు.

ఆరు నెలలు అయినాక లైసెన్సు తిరిగొచ్చింది. ఒక ప్రైవేటు బస్సు కంపెనీవాళ్లు, కేసు సంగతి తెలిసే, పనిలోకి తీసుకున్నారు. గుత్తి, పామిడి, గార్లదిన్నె, అనంతపురం. అదే రోడ్డు మీద పన్నెండేండ్లు తోలినాడు. డ్రైవరు వెనక సీట్లో కూచుని మాటలు పెట్టేవాళ్లకు జవాబు వచ్చేది కాదు. గట్టిగా అడిగితే, బస్సు ఆగినాక తిరిగి, "ఇప్పుడు చెప్పన్నా," అనేవాడు.

గుత్తిలో లారీలవాళ్లూ బాడుగ కార్లవాళ్లూ అతని దగ్గరికి వస్తుండేవాళ్లు. కొత్త డ్రైవర్లకు గేర్లు ఎవరైనా నేర్పుతారు. యాక్సిడెంటు అయినాక ఏం చెయ్యాలో అతనే చెప్పేవాడు. బండి బోర్లాపడితే మొదట ఇంజను ఆపాలని, పెట్రోలు వాసన వస్తుంటే బీడీ ముట్టించినవాణ్ణి దూరంగా పంపాలని, తర్వాతనే మనుషుల్ని తీయాలని చెప్పేవాడు. మలుపులో ఆగిన లారీ దగ్గరికి వెనక నుంచి ఇంకో లారీ వచ్చి గుద్దడం ఎన్నోసార్లు చూసినాడు. చెట్టు కొమ్మలు విరిచి దూరంగా రోడ్డు మీద వేయమనేవాడు. ఇవన్నీ చెప్పినాక ఎవరో ఒకరు, "జనాలు కొడితే ఎట్లన్నా?" అని అడిగేవాళ్లు.

"కొట్టొచ్చు. నన్నూ కొట్టినారు. పానానికే ముప్పు అనిపిస్తే పోలీసు స్టేషనుకు పొండి. ఇంటికి మాత్రం పోవద్దండి," అనేవాడు.

అరవై ఆరులో, ఒక పొద్దున ఎనిమిది గంటలకు లక్ష్మన్న అనే లారీ డ్రైవరు అతని ఇంటికి వచ్చినాడు. ముప్పై ఏండ్ల మనిషి. ముందు రోజు మధ్యాహ్నం రెండు గంటలకు గార్లదిన్నె ఇవతల ఎద్దుల బండిని గుద్ది, లారీ అక్కడే వదిలేసి పొలాల మీద పడి పారిపోయినాడు. బంధువుల ఊళ్లో దాక్కుని, పొద్దున్నే ఇటు వచ్చినాడు. బండి తోలుతున్న మనిషి ఏమైనాడో తెలియదు.

చిన్నక్క టీ ఇచ్చింది. లక్ష్మన్న తాగలేదు.

"మా ఓనరు కర్నూలుకు పొమ్మంటాండాడన్నా. నాలుగు నెలలు కనబడకుండా ఉంటే ఆయప్పే చూసుకుంటాడంట."

"ఆయప్ప లారీని చూసుకుంటాడు. నిన్ను కాదు," అన్నాడు తిప్పేస్వామి. గోడ గడియారం వైపు చూసినాడు. "రెండుకు కదా తగిలింది. ఇరవై నాలుగు గంటలు నిండేకి ఇంకా ఆరు గంటలు ఉండాది. టీ తాగు, పోదాం."

"పారిపోయినా కదన్నా. ఇప్పుడు పోతే ఏం చెప్పల్ల?"

"పారిపోయినానని చెప్పు. భయపడినానని చెప్పు. అది కూడా జరిగిందే కదా."

ఇద్దరూ తొమ్మిదిన్నర బస్సు ఎక్కినారు. దారిలో లక్ష్మన్న రెండుసార్లు దిగిపోతానన్నాడు. తిప్పేస్వామి పట్టుకోలేదు. "దిగితే దిగు, నేను మాత్రం స్టేషను దాకా పోతా. టిక్కెట్టు తీసినా కదా," అన్నాడు. లక్ష్మన్న దిగలేదు.

స్టేషనులో కనుక్కుంటే, బండి మనిషికి పక్కటెముకలు విరిగినాయి, ఆసుపత్రిలో ఉన్నాడు, మాట్లాడుతున్నాడు అన్నారు. ఆ మాట విన్నాక లక్ష్మన్న లోపలికి పోయి తన పేరు చెప్పినాడు. తిప్పేస్వామి లోపలికి పోలేదు. బయట బెంచీ మీద కూచుని, వాంగ్మూలం రాయడం అయ్యేదాకా ఉన్నాడు. కిటికీలోంచి లక్ష్మన్న గొంతు వినిపిస్తోంది, మొదట సన్నగా, తర్వాత మామూలుగా. ఎస్సై రాసింది చదివి వినిపించినాడు. లక్ష్మన్న ఒకచోట ఆపి, "సార్, అట్ల కాదు, ఎద్దులు రోడ్డు నడుమ లేవు, ఎడమ పక్కన్నే ఉండాయి," అన్నాడు.

ఆ మాట తనకే నష్టమని లక్ష్మన్నకు తెలుసు. తిప్పేస్వామి లేచి, చెప్పులు వేసుకుని, మధ్యాహ్నం డ్యూటీకి గుత్తి పోయే బస్సు కోసం రోడ్డు మీదికి నడిచినాడు.